ప్రసన్నని అడిగిన ప్రశ్న

"మీ అమ్మగారి వైపు ఎవరికైనా బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చిందా?"

డాక్టర్ మైథిలి అడిగింది సాయిప్రసన్నని. జవాబు చెప్పింది మాత్రం పక్క కుర్చీలో కూర్చున్న పరమేశ్వరి.

"లేదండీ. మా వైపు అందరివీ ఇత్తడి బిందెల్లాంటి ఒళ్ళు. సొట్టలు పడాల్సిందేగానీ పగలవు."

డాక్టరు నవ్వింది. కూతురూ నవ్వింది. ఆ నవ్వుల్లో ప్రశ్న కొట్టుకుపోయింది. డాక్టరు బీపీ, షుగరు, థైరాయిడ్ గురించి అడుగుతూ పోయింది. వాటికీ పరమేశ్వరే బదులిచ్చింది. ప్రసన్నకిది కొత్త కాదు. పెళ్ళిచూపుల్లో "వంట వచ్చా అమ్మాయీ?" అని అడిగినప్పుడు "అన్నీ వచ్చండీ" అన్నదీ తల్లే. ముప్పయ్యేళ్ళు దాటినా, విస్సన్నపేటలో పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తున్నా, తల్లి పక్కన ఉంటే తన నోటికి పనుండదని ప్రసన్నకి తెలుసు.

"అయితే రేపట్నుంచి ఇంజక్షన్లు మొదలుపెడదాం" అంది డాక్టరు. "రోజూ ఒకే వేళకి, పొట్ట మీద. మధ్యమధ్యలో స్కానింగ్‌కి రావాలి. అండాలు ఎదిగాక బయటికి తీసి, ల్యాబ్‌లో పిండాలు తయారుచేస్తాం. ఇంట్లో కాస్త కనిపెట్టుకుని ఉండేవాళ్ళు కావాలి."

"నేనున్నానుగా. ఈ పని అయ్యేదాకా మా ఇంట్లోనే ఉంటుంది" అంది పరమేశ్వరి, బేరం కుదిరిపోయినట్టు చేతిసంచి తీసుకుని లేస్తూ.

బెజవాడ నుంచి తిరుగు బస్సులో మైలవరం దాటాక ప్రసన్నకి నిద్ర ముంచుకొచ్చింది. తల్లి ఎడమ భుజం మీదికి తల వాల్చబోయింది. పరమేశ్వరి ఆ తలని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా అవతలి పక్కకి సర్దింది. సంచిలోంచి తువ్వాలు తీసి మడతపెట్టి కిటికీకి ఆనించింది.

"అటు ఆనుకోమ్మా. గాలి తగుల్తుంది."

ఆమెకి ఎడమవైపు, చంకకి దగ్గరగా, గడ్డ ఉంది. మామిడి పూత వేళ స్నానం చేస్తుంటే చింతగింజంత చేతికి తగిలింది. ఇప్పుడు తోటల్లో కాయలు దింపుతున్నారు. అది రేగిపండుని దాటింది. నొప్పి లేదు, సలుపు లేదు. ఉన్నచోటే, గట్టిగా, కదలకుండా ఉంది. దానికి పరమేశ్వరి మనసులో కూడా పేరు పెట్టుకోలేదు. 'ఇక్కడిది' అనుకునేది అంతే. ముందు పిల్ల కడుపు పండనీ, ఇక్కడిది తర్వాత చూసుకోవచ్చు అని ఒక్కతే తీర్మానించేసుకుంది. కొట్లో సరుకుకి ధర కట్టినంత ధీమాగా.

*

తిరువూరు బజార్లో వాళ్ళది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. చంద్రశేఖరం కాటా దగ్గర కూర్చుంటాడు. పరమేశ్వరి గుమ్మానికి కుడిపక్క, పేర్లు కొట్టే మిషను దగ్గర కూర్చుంటుంది. పెళ్ళిళ్ళ రోజులు కావడంతో పొద్దున షట్టరు ఎత్తేసరికే జనం నిలబడి ఉంటున్నారు. పెళ్ళికూతురి సారె బిందెలు, క్యారేజీలు, అడుగుమందం గిన్నెలు కొనుక్కుని, మీద పేరు పడితేనేగానీ కదలరు.

బిందెని ఒళ్ళో వాలుగా పడుకోబెట్టి, ఎడమ అరచేత్తో మెడ దగ్గర అదిమిపట్టి, కుడిచేత్తో కలంలాంటి ములికి పట్టుకుంటే జుయ్యిమని తుమ్మెద రొద మొదలవుతుంది. పెన్సిలు గీతలూ అచ్చులూ ఆమెకి అక్కర్లేదు. ఎంత వంపు బిందె మీదైనా అక్షరాలు వరస తప్పవు. ఒత్తుల దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టి, ఒత్తు పడ్డాక వదులుతుంది. స్టీలు రజను వేళ్ళకి అంటి మెరుస్తుంటే చీరకి తుడుచుకుని, "ఆ, తర్వాత ఎవరిదమ్మా?" అంటుంది. ఎవరి పెళ్ళికి ఏం కొనాలో, ఏది అనవసరమో, అత్తగారికి ఏం పెడితే నోరు మూసుకుంటుందో కూడా ఆమే చెప్తుంది. జనం వింటారు కూడా. పరమేశ్వరమ్మ మాటంటే బజార్లో అంత గురి.

సాయంత్రం ఇంజక్షను వేళకి మాత్రం అన్నీ వదిలేసి ఇంట్లోకి వెళ్ళిపోయేది. కొట్టు వెనకే ఇల్లు. మొదటిరోజు వీధి చివరి క్లినిక్‌లో పనిచేసే నర్సుని పిలిపిస్తానంటే ప్రసన్న వద్దంది.

"నేనే చేసుకుంటాను. పిల్లలకి దశాంశాలు చెప్పేదాన్ని, ఇంజక్షను పెన్ను మీద మోతాదు అంకెలు తిప్పుకోలేనా?"

ఫ్రిజ్‌లోంచి పెన్ను తీసి, సూది బిగించి, బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్ళతో పైకి పట్టుకుని, పెదాలు బిగించి గుచ్చుకుంది. లోపల మందు దిగేదాకా మెల్లగా అంకెలు లెక్కపెట్టింది. పరమేశ్వరి గోడ వైపు తిరిగి నిలబడింది. ఊళ్ళో ఎవరింట్లో పురుడొచ్చినా ముందుండే మనిషి, కూతురి పొట్టలో సూది దిగడం చూడలేకపోయింది.

"అయిపోయిందమ్మా, తిరుగు ఇటు" అని నవ్వింది ప్రసన్న.

ఒక స్కానింగు అయింది. అండాలు బాగా ఎదుగుతున్నాయన్నారు. విస్సన్నపేట నుంచి అల్లుడు ఉదయ్ కుమార్ ఫోన్ చేసినప్పుడల్లా పరమేశ్వరే ఎత్తి, "అంతా సవ్యంగా జరుగుతోంది బాబూ, మీరు కాయల సంగతి చూసుకోండి" అనేది. అతనిది మామిడికాయల కమీషను వ్యాపారం. లారీలు ఎత్తించే రోజులవి.

ఆదివారం పొద్దున పరమేశ్వరి పెసరట్టు తిరగేస్తుంటే ప్రసన్న తల తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నాకు గుండెల మీదంతా బరువుగా ఉంది. తువ్వాలు తగిలినా నొప్పెడుతోంది."

అట్లకాడ పెనం మీదే ఉండిపోయింది.

"ఎక్కడ?"

"రెండువైపులా. ఇంజక్షన్లకి అలా ఉంటుందని ఆ రోజే చెప్పారుగా. ఊరికే చెప్పాను."

పరమేశ్వరి పొయ్యి కట్టేసింది. కూతురి మణికట్టు పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి తలుపు గడియ పెట్టింది.

"జాకెట్టు విప్పు."

"ఏంటమ్మా నువ్వు!" అని నవ్వబోయింది ప్రసన్న. తల్లి మొహం చూసి విప్పింది.

పరమేశ్వరి వేళ్ళు ముందు చంక దగ్గర ఆగాయి. అక్కణ్ణుంచి కిందికి, చుట్టూ, మళ్ళీ చంకలోకి. వేళ్ళ కొసలతో కాదు, వేళ్ళ మెత్తటి భాగంతో అదిమి, కాస్త ఆగి, జరిపి, మళ్ళీ అదిమింది. వాచిన ఒంట్లో ఎక్కడ తడిమినా గట్టిగానే తగుల్తోంది. ఇదేనా? ఇది కాదేమో. ఇదా? ఆమె నుదురంతా చెమట పట్టింది.

"ఏం వెతుకుతున్నావు?" అంది ప్రసన్న.

"ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటి? ఎలా ఉంటుందో తెలిసినట్టే వెతుకుతున్నావు."

పరమేశ్వరి చేతులు ఆగిపోయాయి. ఆస్పత్రిలో అడిగిన ప్రశ్న అప్పుడు మళ్ళీ వినబడింది ఆమెకి. ఆ రోజు అది తన గుట్టు లాగడానికి వేసిన ప్రశ్నలా తోచింది. తన సంగతి బయటపడకుండా కాపాడుకున్నాననుకుంది. డాక్టరు అడిగింది తన గురించి కానే కాదు. ఈ పిల్ల గురించి.

"మీ రమ పిన్ని..." అని మొదలుపెట్టింది.

"జ్వరంతో పోయింది."

"జ్వరం ఆఖర్న వచ్చింది. ముందు ఇక్కడ గడ్డ వచ్చింది. నేనే స్నానం చేయించేదాన్ని. తన పిల్లకి సంబంధాలు చూస్తున్న రోజులు. బయటికి పొక్కితే సంబంధాలు రావని అందరం జ్వరమనే చెప్పాం. చెప్పీ చెప్పీ మాకూ అదే నిజమైపోయింది."

ప్రసన్న జాకెట్టు హుక్కులు పెట్టుకుంటోంది. ఒకటి తప్పి ఇంకోదాంట్లో పెట్టుకుంది.

"సరే. పిన్నికి వచ్చింది. నీ వేళ్ళకి ఇంకా ఎందుకు గుర్తుంది?"

పరమేశ్వరి కూతురి చెయ్యి తీసుకుని పమిట కిందుగా, జాకెట్టు పైనుంచే, తన ఎడమపక్క పెట్టుకుంది. ప్రసన్న వేళ్ళు ఒక్కచోట ఆగాయి. చాలాసేపు అక్కడే ఉండిపోయాయి. ఆ మొహంలోకి చూడలేక పరమేశ్వరి మంచం మీది దుప్పటి అంచు చూసింది.

"ఎప్పట్నుంచి?"

"పూత అప్పట్నుంచి. నొప్పేం లేదు. నీ పని అయిపోనీ అని..."

"నా పని!" ప్రసన్న చెయ్యి లాగేసుకుంది. గొంతు పెద్దది చేయలేదు. క్లాసులో అల్లరి మరీ ముదిరితే ఆమె గొంతు అలాగే తగ్గిపోతుంది. "డాక్టరు ఆ ప్రశ్న నన్నడిగింది, అమ్మా. నా ఒంటి గురించి అడిగింది. నువ్వెవరు లేదని చెప్పడానికి?"

"ఆపేస్తారేమోనని భయపడ్డానే."

"ఆపితే ఆపనీ! ఆపాలో వద్దో నేను తేల్చుకుంటాను. తెలిస్తేనే కదా తేల్చుకునేది?"

చంద్రశేఖరం తలుపు తట్టాడు. ప్రసన్న గడియ తీస్తే లోపలికొచ్చాడు. విషయం విని మంచం అంచున కూర్చుండిపోయాడు. తలుపు వైపు ఒకసారి, భార్య వైపు ఒకసారి చూశాడు.

"ఇన్నాళ్ళు ఆగింది కదా... అమ్మాయిది ఒక కొలిక్కి వచ్చాక, ఈ పెళ్ళిళ్ళ తొడతొక్కిడి కూడా తగ్గాక..."

"నేనూ అదే అంటున్నానండీ."

"మీరిద్దరూ కలిసి నాకు తల్లి లేకుండా చేస్తారు" అంది ప్రసన్న. ఆమె ఫోన్ తీసి భర్తకి చెయ్యబోతుంటే పరమేశ్వరి చెయ్యి అడ్డం పెట్టింది.

"విస్సన్నపేటలో తెలిస్తే మీ అత్తగారు ఏమంటుందో! మనది రోగిష్టి వంశమని..."

"అననీ" అని, ప్రసన్న తల్లి చేతిని మెల్లగా తప్పించి నంబరు నొక్కింది.

*

సోమవారం ఉదయ్ లారీల పని తమ్ముడికి అప్పగించి కారు తెచ్చాడు. పరమేశ్వరి వెనక సీట్లో మూలకి కూర్చుంది. ఆరేళ్ళుగా అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చుని ఎరగదు ఆమె. భోజనం వడ్డించి గుమ్మం పక్కకి వెళ్ళిపోయేది. ఇప్పుడు అతనికి తెలిసిపోయింది. ఒంట్లో ఏ భాగమో కూడా తెలిసిపోయింది. దారి పొడుగునా ఆమె పమిట సర్దుకుంటూనే ఉంది. ఉదయ్ ఏ.కొండూరు దగ్గర టీ తాగుతారా అని ఒకసారి అడిగి, ఆమె తల అడ్డంగా ఊపితే, ఆపకుండా పోనిచ్చాడు.

డాక్టర్ మైథిలి గదిలో పరమేశ్వరి నోరు విప్పబోయింది. ప్రసన్న తల్లి మోకాలి మీద చెయ్యి వేసి తనే చెప్పింది. పిన్ని సంగతి, తల్లి సంగతి, ఆ రోజు చెప్పిన జవాబు తప్పని. డాక్టరు మధ్యలో అడ్డు రాలేదు. కోప్పడుతుందని పరమేశ్వరి ఎదురుచూసింది. కోప్పడితే బాగుండేది. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇప్పటికైనా చెప్పారు" అంది. తర్వాత ప్రసన్నని లోపలికి తీసుకెళ్ళి తను పరీక్ష చేసి, రొమ్ములకి స్కానింగు కూడా చేయించింది.

"ప్రసన్నకి ప్రస్తుతానికి ఏమీ కనబడలేదు. వాపూ నొప్పీ హార్మోన్లవే" అంది తిరిగొచ్చి. పరమేశ్వరి కుర్చీ చేతులు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఈ ఇంజక్షన్లే క్యాన్సర్ తెప్పిస్తాయా డాక్టర్‌గారూ?" అడిగాడు ఉదయ్.

"అలాగని ఇప్పటిదాకా ఏ పరిశోధనలోనూ గట్టిగా తేలలేదు. కానీ వంశంలో దిగే రకం క్యాన్సర్లు కొన్ని ఉంటాయి. మీ అత్తగారి గడ్డ కూడా క్యాన్సరే అయితే, అక్కచెల్లెళ్ళిద్దరికీ వచ్చినట్టు లెక్క. అప్పుడు ముందు ఆవిడకి రక్తపరీక్ష చేయించి జన్యువుల్లో ఏమైనా ఉందేమో చూడాలి. ఉంటే ప్రసన్నకీ చేయించాలి." ఆమె ప్రసన్న వైపు తిరిగింది. "అండాలు దాదాపు సిద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు ఆపడం కంటే, తీసి, పిండాలు చేసి ఫ్రీజ్ చేయడమే మంచిదని నా సలహా. గర్భంలో పెట్టడం మాత్రం అన్ని ఫలితాలూ వచ్చాకే. కొన్ని నెలలు పట్టొచ్చు. నీకు ఇష్టమేనా?"

పరమేశ్వరి నాలుక చివరిదాకా వచ్చిన 'ఇష్టమేనండీ'ని మింగేసింది. ప్రసన్న ఉదయ్ వైపు చూసింది, తర్వాత తన అరచేతుల వైపు చూసుకుంది.

"తీయండి. దాచండి. మిగతాది తెలిశాక ఆలోచిస్తాం" అంది.

తర్వాత పరమేశ్వరిని పరీక్ష చేసింది డాక్టరు. చేస్తున్నంతసేపూ సాధారణంగానే మాట్లాడింది గానీ, చేతులు కడుక్కుంటూ "ఇవాళే, ఇప్పుడే" అంది. ఇంకో పెద్దాస్పత్రిలో రామనాథ్ అనే సర్జన్‌కి ఫోన్ చేసింది. ప్రసన్నకి ఇంకా రక్తం తీయాలి, దాని ఫలితం చూసి రాత్రికి మందు మోతాదు చెప్తారు. అందుకని ఆమె కదలడానికి లేదు.

"మీరు అమ్మని తీసుకెళ్ళండి" అంది భర్తతో.

"నేనొక్కదాన్నే ఆటోలో వెళ్తాను" అంది పరమేశ్వరి.

"ఆయన తీసుకెళ్తారు" అంది ప్రసన్న.

*

పెద్దాస్పత్రి గుమ్మం దగ్గర ఆమెని దించి ఉదయ్ కారు పెట్టడానికి వెళ్ళాడు. కౌంటరు దగ్గర జనం. పరమేశ్వరి వంతు రాగానే లోపలి కుర్రాడు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా అడిగాడు.

"సమస్య ఏంటమ్మా?"

ఆమె వెనక పదిమంది ఉన్నారు. పక్క వరసలో మగవాళ్ళు. బజార్లో నలుగురికీ నోరైన మనిషి కౌంటరు మీదికి వంగింది.

"ఇక్కడ... కొంచెం..." అని పమిట మీద చెయ్యి పెట్టుకుంది.

"ఛాతీలో నొప్పా?"

"ఊఁ. అలాంటిదే."

అతను చీటీ చింపి ఇచ్చాడు. "రెండో అంతస్తు, గుండె డాక్టరు. ముందు ఈసీజీ తీయించుకోండి. తర్వాత ఎవరండీ?"

చీటీ పట్టుకుని ఆమె లిఫ్టు వైపు నాలుగడుగులు వేసింది. ఎక్కి ఉండేదే. గుండె బాగానే ఉందని రాయించుకుని ఇంటికి పోయినా పోయేదే. తాళంచెవి ఊపుకుంటూ వచ్చిన ఉదయ్ చీటీ తీసుకుని చూశాడు. మొహం చిట్లించాడు. నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. వరస తప్పినందుకు ఎవరో విసుక్కున్నారు.

"ఇది తప్పు రాశారండీ. మా అత్తయ్యగారికి రొమ్ములో గడ్డ. రామనాథ్‌గారు చూస్తామన్నారు. అక్కడికి రాయండి."

మామిడి యార్డులో నలుగురి మధ్య మాట్లాడే గొంతు అతనిది. కావాలని పెంచలేదు, అలవాటు కొద్దీ హాలంతా వినబడింది. పరమేశ్వరికి నేల చీలితే బాగుండుననిపించింది. వరసలో ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఒకావిడ ఆమెని పైనుంచి కిందికి చూసి, పిల్లాడి ముక్కు తుడవడంలో పడింది. విసుక్కున్నతను కాస్త పక్కకి జరిగి, "రాయించుకోనివ్వండి పాపం" అన్నాడు. మిగతావాళ్ళు ఫోన్లలోకి వెళ్ళిపోయారు. కుర్రాడు పాత చీటీ చించేసి ఇంకోటి ఇచ్చాడు. అంతే. ఇంకేమీ జరగలేదు.

ఇన్ని నెలలు ఏ మాట బయటపడితే ప్రపంచం తలకిందులవుతుందని ఆమె గుండెల్లో పెట్టుకు తిరిగిందో, ఆ మాట ఓ చీటీ మార్చడానికి పట్టినంతసేపు మాత్రం గాలిలో నిలబడి వెళ్ళిపోయింది.

డాక్టరు గది బయట వరస కుర్చీల్లో ఒకటే ఖాళీ ఉంటే పరమేశ్వరి కూర్చుంది. దాని పక్కది కూడా ఖాళీ అయ్యాక ఉదయ్ నిలబడే ఉండటం ఆమె చూసింది.

"కూర్చోండి బాబూ" అంది.

అతను కూర్చున్నాడు. ఆమె లేవలేదు.

"నేను గట్టిగా అనేశానా అత్తయ్యా?"

"అన్నారు."

"నాకు మెల్లగా మాట్లాడటం రాదు. ప్రసన్న రోజూ తిడుతుంది."

పరమేశ్వరికి నవ్వొచ్చింది. పొద్దున్నుంచి మొదటిసారి. "తిట్టనివ్వండి. నేను చెప్తాలెండి దానికి" అంది.

మామోగ్రాం తీశారు. మొద్దుబారడానికి మందు ఇచ్చి సూదితో గడ్డలోంచి కాస్త ముక్క తీశారు. లోపలికి వెళ్ళేముందు నర్సు "ఎక్కడమ్మా?" అని అడిగింది. పరమేశ్వరి ఒక్క క్షణం ఆగి, "ఎడమ రొమ్ము" అంది. బిందె మీద కష్టమైన ఒత్తు వేసేటప్పుడు బిగబట్టినట్టు ఊపిరి బిగబట్టి అంది. అన్నాక వదిలింది.

*

ఆ రాత్రి భోజనాల వేళకి విస్సన్నపేట వియ్యపురాలి ఫోను వచ్చింది. ప్రసన్న ఎత్తబోతే పరమేశ్వరే అందుకుంది.

"ఉదయ్ చెప్పాడు వదినగారూ" అందావిడ. "ముందే చెప్పి ఉండాల్సింది."

ముందే అంటే ఈ నాలుగు నెలల్లోనా, పెళ్ళికి ముందా? పరమేశ్వరి అడగలేదు. ఆవిడ విడమర్చలేదు.

"అవును. చెప్పి ఉండాల్సింది. తప్పు నాదే" అంది పరమేశ్వరి. ఇంకెవరి మీదికీ నెట్టలేదు.

"సరే, ముందు మీ ఒళ్ళు చూసుకోండి. పిండాలు ఎక్కడికీ పోవట కదా. ప్రసన్నకి అండాలు తీసే రోజు నేను వస్తాను. మీకు మీ పనుంటుంది కదా" అందావిడ, ముక్తసరిగా. ఆదరమని పొంగిపోవడానికీ లేదు, నిష్ఠూరమని బాధపడటానికీ లేదు. రెండూ ఉన్నాయి అందులో. పరమేశ్వరి రెండూ తీసుకుంది.

అన్నట్టే వియ్యపురాలు వచ్చింది. ప్రసన్నకి మత్తిచ్చి అండాలు తీసిన రోజు ఆవిడే పక్కన కూర్చుని కొబ్బరినీళ్ళు పట్టింది. అదే పూట పరమేశ్వరి భర్తతో రామనాథ్ గదిలో ఉంది. ముక్క పరీక్ష ఫలితం వచ్చింది. డాక్టరు నాన్చలేదు.

"క్యాన్సరే అమ్మా. రెండో దశ. ఇంకా ఎక్కడికీ పాకినట్టు లేదు. ఆపరేషను, తర్వాత కీమో. నయం చేయగలిగే సమయంలోనే వచ్చారు. ఇంకా ముందొస్తే ఇంకా తేలికయ్యేది."

ముప్పైనాలుగేళ్ళ కాపురంలో చంద్రశేఖరం పదిమంది మధ్య ఆమె చెయ్యి పట్టుకున్నది పెళ్ళిపీటల మీద ఒకసారి. ఇప్పుడు డాక్టరు ఎదుటే పట్టుకున్నాడు.

"ఆగుదామని నేనూ అన్నానే" అన్నాడు.

"మీరు అన్నదేముంది? ఇన్నాళ్ళు ఆగింది నేను" అంది పరమేశ్వరి. డాక్టరు వైపు తిరిగింది. "ఆపరేషను ఎప్పుడు? నా జన్యువుల పరీక్షకి రక్తం ఇవాళే తీస్తారా? మా అమ్మాయికి అది తెలియాలి."

సాయంత్రం ప్రసన్న మంచం పక్కన నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. దశ కూడా చెప్పింది. మత్తు పూర్తిగా వదలని కళ్ళతో ప్రసన్న తల్లిని చూసింది. కోపం ఇంకా పూర్తిగా పోలేదు ఆ చూపులో.

"అంతా చెప్పావా? ఏమీ దాచలేదా?"

"ఏమీ దాచలేదు."

"మంచి పిండాలు వచ్చేలా ఉన్నాయన్నారు" అంది ప్రసన్న. "నీకు కీమోకి నేను వస్తాను. సెలవులే కదా" అని కళ్ళు మూసుకుంది. పరమేశ్వరి దుప్పటి పాదాల మీదికి లాగి, అక్కడే నిలబడింది.

*

ఆపరేషనుకి ఇంకా రోజులున్నాయి. పరమేశ్వరి మర్నాడే కొట్లో కూర్చుంది. చంద్రశేఖరం వద్దంటే, "ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? గోడలకి పేర్లు కొట్టనా?" అంది.

పెనుగొలను నుంచి సుబ్బాయమ్మ వచ్చింది ఇద్దరు కోడళ్ళతో. మనవరాలి పెళ్ళి సారెకి బిందెలు, గంగాళం, ఆరు గిన్నెల వరస ఎంచుకుంది. ఎదురుగా స్టూలు వేసుకుని పేర్లు చెప్తూ కూర్చుంది.

"రెండుసార్లొచ్చాం, నువ్వు లేవు. కొట్లో నువ్వు లేకపోతే ఏదీ తోచదమ్మా. ఊరెళ్ళావా?"

మునుపైతే 'ఆ, చుట్టాలింట్లో పనుండి' అనేది. పరమేశ్వరి మిషను ఆపింది.

"బెజవాడ ఆస్పత్రికి సుబ్బాయమ్మగారూ. నాకు రొమ్ము క్యాన్సరు. బుధవారం ఆపరేషను."

కాటా దగ్గర చంద్రశేఖరం తూకం రాళ్ళు చప్పుడు కాకుండా కింద పెట్టాడు. సుబ్బాయమ్మ రెండు చెవులూ మూసుకుంది.

"అమ్మో, అమ్మో, ఆ మాట నోటితో అనకమ్మా! శుభమా అని సారె కొంటుంటే."

"అనకపోతే పోతుందా? నాలుగు నెలలు అనకుండా ఉన్నాను, నాలుగింతలయింది." పరమేశ్వరి నవ్వుతూనే బిందె ఒళ్ళోకి లాక్కుంది. "పేరు చెప్పండి. పెళ్ళికూతురిదా, ఇద్దరిదీ కలిపి వెయ్యనా?"

సుబ్బాయమ్మ తేరుకుని పేర్లు చెప్పింది. సామాన్లన్నీ గోతాంలో సర్ది ముగ్గురూ ఆటో స్టాండు వైపు వెళ్ళారు. పోతూ పోతూ సుబ్బాయమ్మ, "నీకేం కాదులేమ్మా, గట్టిదానివి" అని గడ్డం పట్టుకుంది.

పది నిమిషాలు కాలేదు, పెద్దకోడలు ఒక్కతే వెనక్కి వచ్చింది. ముప్పయ్యయిదేళ్ళుంటాయి. మిరప కోతల్లో ఎండకి కమిలిన చేతులు. ఒక గిన్నెకి మూత సరిగ్గా కూర్చోవడం లేదంది. పరమేశ్వరి గిన్నె తీసుకుని మూత పెట్టి చూసింది. చక్కగా కూర్చుంది. తీసి పెట్టింది. మళ్ళీ చక్కగా కూర్చుంది. తలెత్తి ఆ పిల్ల మొహంలోకి చూసింది.

కొట్లో ఉన్న ఇద్దరు గిరాకీలనీ భర్తకి అప్పగించి, "ఇలా లోపలికి రా" అని గిన్నెల అరల వెనక్కి తీసుకెళ్ళింది.

"ఏ పక్క?"

"కుడిపక్కండి." ఆ పిల్ల బజారు వైపు ఒకసారి చూసుకుంది. "నా చిన్నబాబు పాలు మానేసిన కాణ్ణుంచి. పాలగడ్డేమో అనుకున్నా. బాబు బడికి కూడా పోతన్నాడు. ఎవరికి చూపించుకోవాలండీ?"

"నాకు రేపు పొద్దున పరీక్షలున్నాయి, బెజవాడ వెళ్తున్నాను. నాతో రా. అక్కడి డాక్టరు నాకు తెలుసు. గడ్డలన్నీ అదే కావాలని లేదు. చూసి చెప్తారు."

"మా అత్తకి మూత మార్చుకోడానికెళ్తన్నా అని చెప్పొచ్చానండీ. రేపటికి ఏం చెప్పాలో..." ఆ పిల్ల పమిట చెంగు వేలికి చుట్టుకుంది. "మీరు చెప్తారా అండీ? మీ మాటంటే ఆవిడకి గురి."

పరమేశ్వరి వెంటనే బయల్దేరబోయింది. ఇదెంత పని! ఆటో దగ్గరికి వెళ్ళి నాలుగు మాటలు అంటే సుబ్బాయమ్మ నోరెత్తదు. రెండడుగులు వేసి ఆగింది.

"నేను చెప్తే అది నా మాటవుతుంది. రేపు పరీక్ష అంటారు, ఎల్లుండి ఇంకోటంటారు. ప్రతిసారీ నేనుండను" అంది. "పద, నీతో వస్తాను. పక్కన నిలబడతాను. చెప్పేది మాత్రం నువ్వే."

ఇద్దరూ బజారులోకి దిగారు. ఎండ చుర్రుమంటోంది. స్టాండులో వాళ్ళెక్కిన గంపలగూడెం ఆటో మనుషుల కోసం ఇంకా ఆగే ఉంది. గోతాం కాళ్ళ దగ్గర పెట్టుకుని సుబ్బాయమ్మ తల బయటికి పెట్టి చూస్తోంది.

"ఏంటే, మూత దొరికిందా? పరమేశ్వరమ్మని ఎండలో పడి ఎందుకు తీసుకొచ్చావ్?"

పెద్దకోడలు పరమేశ్వరి వైపు చూసింది. పరమేశ్వరి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఊరుకుంది. ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు.

"అత్తా, ఒకసారి దిగు" అంది పెద్దకోడలు. "నీకో మాట చెప్పాలి."

సుబ్బాయమ్మ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. గోతాం చిన్నకోడలి ఒళ్ళోకి తోసి, ఆటో ఊచ పట్టుకుని మెల్లగా కిందికి దిగింది.